ముల్లు నిజమే చెబుతోందా?

భిలాయిలోని నెహ్రూ నగర్‌కు సముద్రం చాలా దూరం. చేరువలో పారేది శివనాథ్ నది. కెరటాలను చూడదలచినవారు దుర్గ్‌లో రైలెక్కి, తూర్పు కనుమలు దాటి విశాఖపట్నం చేరవలసిందే. అయినా ఓడల మాట ఆ ఊరికి కొత్తది కాదు. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విక్రాంత్ విమానవాహక నౌకకు సుమారు 30,000 టన్నుల ప్రత్యేకమైన ఉక్కు అవసరమైంది. దానిని సమకూర్చిన కర్మాగారాలలో భిలాయి ఒకటి. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన నాటి నుండి ఆ ఊరిని ఆశ్రయించినవారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.

కొలిమి దగ్గర పనిచేసేవారికి ఓడ నడిపేవారికి కూడా పనికివచ్చే విద్య ఒకటి తెలుసు. అది కంటితో చూడరానిదానిని మీటరు ద్వారా చూడడం. అవసరమైనపుడు ఆ మీటరునే అనుమానించడం. 1600 డిగ్రీల ద్రవపు ఉక్కును ఎవరూ చేతితో తాకి చూడలేరు. రెండు వేర్వేరు లోహపు తీగలను కొనవద్ద కలిపిన థర్మోకపుల్ ఆ వేడికి కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్తును పుట్టిస్తుంది. 1821లో జర్మన్ శాస్త్రవేత్త సీబెక్ గమనించిన ధర్మం ఇది. ఆ తీగ తెగితే చిక్కు లేదు. మంచి మీటరైతే ముల్లును ఒక్కసారిగా చివరి అంకెకు తోసి, లోపం ఉన్నదని చాటుతుంది. దానికి తగని రకపు తీగను పొరపాటున కలిపినపుడే ప్రమాదం. అప్పుడూ ఒక అంకె కనిపిస్తుంది. అది నమ్మదగినట్టే ఉంటుంది, కాని తప్పు.

పడవ ఇంజన్‌కు వచ్చే చిక్కు కూడా సరిగ్గా ఇదే. ఇదివరలో చుక్కాని దగ్గర ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క మీటరు, దానికి ఇంజన్ నుండి నేరుగా ఒక తీగ ఉండేవి. ఇప్పటి పడవలు చాలావాటిలో ఇంజన్ వేగం, ఆయిల్ పీడనం, చల్లబరచే నీటి వేడి, బ్యాటరీ వోల్టేజి అన్నీ ఒకే కేబుల్ మీద అంకెలుగా ప్రయాణించి ఒకే తెర మీద కనిపిస్తాయి. ఈ పద్ధతిని ఎన్.ఎమ్.ఇ.ఎ. 2000 అంటారు. జర్మనీలోని బాష్ సంస్థ కార్ల కోసం రూపొందించి 1986లో వెలువరించిన ‘క్యాన్’ విధానం దీనికి ఆధారం.

గాలి పడవను రాళ్ల వైపు తోస్తున్నది. అదే సమయంలో తెర మీద నీటి వేడి 110 డిగ్రీలు చూపుతున్నది. ఇంజన్ ఆపితే పడవ రాళ్లకు కొట్టుకుంటుంది. ఆ అంకె నిజమై, ఆపకపోతే, పిస్టన్లు బిగుసుకొని ఇంజన్ తనంతట తానే ఆగిపోతుంది. అటువంటి వేళ ఊహ మీద ఆధారపడడానికి వీలులేదు. అందుచేత ఈ పరీక్ష రేవులో ఉండగానే జరగాలి.

తెర మీద తప్పు కనిపించగానే తెరను మార్చడం చాలామంది చేసే మొదటి పని. అది చివర చేయవలసిన పని. ఇంజన్‌కు తెరకు మధ్య ఒక గొలుసు ఉన్నది: సెన్సర్, దాని తీగ, ఎర్త్, విద్యుత్తును అంకెగా మార్చే పెట్టె, నెట్‌వర్క్ కేబుల్, ఆ పైన తెర. నెట్‌వర్క్ తనకు అందిన అంకెను చెడిపోకుండా చేరవేస్తుంది. దారిలో చెడిన సందేశాన్ని తానే పట్టి తిరస్కరిస్తుంది. కాని ఆ అంకె పుట్టుకలోనే తప్పున్నదో లేదో దానికి తెలియదు. కనుక నిలకడగా కనిపించే తప్పు అంకెకు మూలం చాలావరకు కేబుల్‌లో కాక, దానికి ముందే ఉంటుంది.

తప్పు ఏ తీరున కనిపిస్తున్నదో గమనిస్తే సగం పని తీరినట్టే. అన్ని అంకెలూ ఒక్కసారిగా మాయమైతే నెట్‌వర్క్‌ను చూడాలి. ఆ కేబుల్ రెండు కొసలలోనూ 120 ఓముల నిరోధాలు ఉండాలి. కరెంటు ఆపి రెండు సమాచార తీగల మధ్య కొలిస్తే మీటరు 60 చూపాలి. 120 చూపితే ఒక కొసన నిరోధం లేదు. 40 చూపితే ఎవరో మూడవది తగిలించారు. ఇంజన్ వేగం ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో తప్పుగా ఉంటే, ఆల్టర్నేటర్ ధ్రువాల సంఖ్యను అమర్చడంలో పొరపాటు జరిగింది. వేగం అప్పుడప్పుడు పడిపోయి, దానితోపాటు చార్జింగ్ కూడా తగ్గితే బెల్టు జారుతున్నది. రెండు ఇంజన్ల పడవలో అంకె అటూ ఇటూ గెంతుతుంటే, రెండూ ఒకే ఇంజన్ సంఖ్యతో మాట్లాడుతున్నాయేమో చూడాలి. ఎడమదానికి 0, కుడిదానికి 1 ఉండడం రివాజు.

వీటన్నిటిలోకీ మాయదారిది ఎర్త్. చాలా సెన్సర్లకు ఒకే తీగ ఉంటుంది; కరెంటు తిరుగు ప్రయాణానికి ఇంజన్ ఇనుమే దారి. ఉప్పు గాలికి ఎర్త్ బోల్టు తుప్పుపడితే ఆ దారిలో కొంత నిరోధం చేరుతుంది. వేడి పెరిగిన కొద్దీ ఉష్ణోగ్రత సెన్సర్ నిరోధం తగ్గుతుంది. కనుక అదనంగా చేరిన నిరోధం వల్ల ఇంజన్ ఉన్నదానికంటె చల్లగా కనిపిస్తుంది. ఆయిల్ పీడనపు సెన్సర్లలో ఐరోపా రకానివి సున్నా దగ్గర 10 ఓములు, పైకొసన సుమారు 180 ఓములు చూపుతాయి. ఎర్త్ చెడితే వాటిలో పీడనం ఎక్కువగా కనిపిస్తుంది. అనగా వేడి తక్కువ, పీడనం బాగున్నది అని తెర ధైర్యం చెబుతుంది. ఇంజన్ మాత్రం చెడిపోతూ ఉంటుంది. అమెరికా రకపు సెన్సర్‌లో సున్నా దగ్గర 240, పైకొసన 33 ఓములు. అక్కడ ఇదే లోపం పీడనాన్ని తక్కువగా చూపి హెచ్చరిస్తుంది. ఏ రకం బిగించారో తెలియకుండా ముల్లును చదవడం ప్రమాదకరం. దీపాలు వెలిగించగానే అంకె కదిలితే ఎర్త్ మీద అనుమానం గట్టిపడుతుంది. ఇంజన్ ఇనుముకు బ్యాటరీ రుణ కొసకు మధ్య ఒక లావుపాటి తీగను తాత్కాలికంగా కలిపి చూస్తే సంగతి తేలిపోతుంది.

పరికరాలు రెండున్నా రెండూ ఒకే మూలాన్ని నమ్మితే సాక్ష్యం ఒక్కటే. 1995 జూన్‌లో రాయల్ మెజెస్టీ అనే విహార నౌక 1,509 మందితో బెర్ముడా నుండి బోస్టన్‌కు బయలుదేరింది. కొద్దిసేపటికే ఉపగ్రహ రిసీవరు ఆంటెన్నా కేబుల్ ఊడిపోయింది. రిసీవరు మౌనం వహించలేదు. వేగాన్ని, దిక్కును బట్టి స్థానాన్ని అంచనా కట్టి పంపుతూ పోయింది. స్థానం నమ్మదగినది కాదని తెలిపే గుర్తును కూడా పంపింది. ఆటోపైలట్ ఆ గుర్తును చూసేలా తయారు కాలేదు. అధికారులు ఈ రెండు తెరలనూ పోల్చుకొని తృప్తిపడ్డారు. లోరాన్ అనే మరొక రేడియో పరికరం అదే ఓడలో సవ్యంగా పనిచేస్తూనే ఉన్నది. దానితో పోల్చి చూసినవారు లేరు. సుమారు 34 గంటల తరువాత, జూన్ 10 రాత్రి, దారికి 17 మైళ్లు పక్కకు జరిగి నాంటకెట్ ద్వీపం దగ్గర ఇసుకమేటను ఎక్కింది. అదృష్టవశాత్తూ ఎవరికీ గాయాలు కాలేదు.

ఇంజన్ విషయంలో వేరే సాక్షిని వెతకడం అంత కష్టం కాదు. పరారుణ థర్మామీటరును థర్మోస్టాట్ గూడుకు గురిపెడితే తెరతో పనిలేకుండా వేడి తెలుస్తుంది. పొగగొట్టంతో కలిసి పడవ వెనుక నీళ్లు పడే ఇంజన్లలో ఆ ధార సన్నబడిందేమో వంగి చూడవచ్చు. ఖర్చులేని పరీక్ష మరొకటి ఉన్నది. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్ తెల్లవారేసరికి చుట్టుపక్కల గాలి అంత చల్లగా ఉంటుంది. తాళం తిప్పి, స్టార్ట్ చేయకముందు తెరను చూడాలి. రెండు ఇంజన్ల వేడి ఇంచుమించు ఒకటిగా ఉండాలి. ఆయిల్ పీడనం సున్నా ఉండాలి. తిరగని ఇంజన్‌కు తెర రెండు బార్ల పీడనం చూపుతుంటే, తాళం వెనక్కు తిప్పి, టార్చిలైటు పట్టుకొని ముందుగా వెళ్లవలసినది ఎర్త్ బోల్టు దగ్గరకే.