ఎర్రసిరా సున్నాలు

మా కుటుంబం మొత్తానికీ ఫోనులో ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పుట్టినరోజులూ, పెళ్ళిరోజులూ, ఎవరింట ఏ పచ్చడి పెట్టారో ఆ ఫోటోలూ అన్నీ అందులోనే. రెండు నెలల క్రితం మా ఆడపడుచు మనవడికి ఇంజనీరింగులో సీటొచ్చిందని తెలియగానే, మా తోడికోడలు అందరికంటే ముందు ఇంగ్లీషులో అభినందనలు పంపింది. 'కంగ్రాచ్యులేషన్స్' అన్న ఆ చాంతాడంత మాటలో 'టీ' ఉండవలసిన చోట 'డీ' పడింది. అంతే! మా ఆడపడుచుగారి అల్లుడు ఆ మాట సరిచేసి, పక్కన నాలుగు నవ్వు మొహాలు అతికించి మళ్ళీ పంపాడు. ఇంటి అల్లుడాయె, ఎవరేమంటారు? పిల్లలు కూడా తలా ఒక నవ్వు మొహం చేర్చారు. ఆ రోజు నుంచి మా తోడికోడలు ఆ గ్రూపులో ఒక్క ముక్క రాయలేదు.

తప్పును తప్పంటే కోపమెందుకండీ అంటారేమో. నాకూ తప్పులంటే చిరాకే. మా వీధి మొదట్లో పుస్తకాల కొట్టువాడు 'స్టేషనరీ' అన్న మాటలో 'ఈ'కి బదులు 'ఏ' రాయించాడు. 'ఈ' ఉంటే కాగితాలూ కలాలూ, 'ఏ' ఉంటే కదలకుండా నిలబడిపోయినదీ అని అర్థం. ఆ బోర్డు చూసినప్పుడల్లా నా చెయ్యి దురద పెడుతుంది. ఆ కొట్టు ఇరవయ్యేళ్ళుగా అక్కణ్ణించి కదల్లేదు గనక అదీ ఒప్పేలే అని సరిపెట్టుకుంటూ ఉంటాను. కాని నేను లోపలికెళ్ళి పదిమంది ఎదుట ఆ కొట్టువాణ్ణి చూసి పకపకా నవ్వను గదా!

నా సంగతే చెబుతాను. 1983లో మా అబ్బాయి కాన్వెంటులో రెండో తరగతి. మూడు రోజులు ఒళ్ళు తెలియని జ్వరం. మావారు క్యాంపులో ఉన్నారు. మూడు రాత్రులు తడిగుడ్డ వేస్తూ కూర్చున్నదాన్ని నేనే, నాలుగోనాడు సెలవు చీటీ రాసిందీ నేనే. నాది తెలుగు మీడియం ఎస్సెస్సెల్సీ. 'మై సన్ ఈజ్ సఫరింగ్ విత్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్' అని, గుండ్రటి అక్షరాలతో, గీతలు గీసుకుని మరీ రాశాను. ఆ చీటీ మూడు ఎర్రసిరా సున్నాలు చుట్టించుకుని తిరిగొచ్చింది. వాడు నాకు చూపించలేదు. టిఫిన్ డబ్బా కోసం సంచీ వెతుకుతుంటే అడుగున నాలుగు మడతలు పెట్టి కనిపించింది. ఆ తరవాత ఎప్పుడు సెలవు కావలసి వచ్చినా, "నాన్నగారి చేత రాయించవా అమ్మా" అనేవాడు. పదో తరగతి దాకా వాడి బడికి నేను మళ్ళీ ఒక్క అక్షరం రాసి పంపలేదు. వాడికిప్పుడా సంగతి జ్ఞాపకమైనా లేదు.

ఆ మూడు సున్నాల అర్థం నాకు చాలా ఏళ్ళకి గాని బోధపడలేదు. మనం జ్వరం'తో' బాధపడతాం, కాబట్టి 'విత్' అన్నాను. వాళ్ళకది 'ఫ్రమ్' అట. మనకి సోమవారం 'నుంచి' అన్నా, మూడు రోజుల 'నుంచి' అన్నా ఒకే 'నుంచి'. వాళ్ళకి సోమవారమైతే 'సిన్స్', మూడు రోజులైతే 'ఫర్'. ఇంకా తగ్గలేదు గనక 'ఈజ్' కాదు, 'హేజ్ బీన్'. అంటే నేను రాసింది తెలివితక్కువతనం కాదు, శుభ్రమైన తెలుగు, ఇంగ్లీషు చీర కట్టుకుని వెళ్ళింది! ఆ మాట ఆనాడు ఆ పంతులమ్మగారు నాలుగు ముక్కల్లో రాసి పంపితే జన్మలో మరచిపోయేదాన్ని కాదు. సున్నా చుట్టడానికి తెలిస్తే చాలు, చెప్పడానికి ఓపిక ఉండాలి.

అందరూ వేళాకోళం చేసే 'కజిన్ బ్రదర్' సంగతి చూడండి. వట్టి 'కజిన్' అంటే ఆడో మగో తెలియదు, పెదనాన్న కొడుకో మేనమామ కొడుకో అసలే తెలియదు. అన్నయ్యకీ బావకీ తేడా తెలియని మాటతో మన సంసారాలు సాగుతాయా? పాపం, ఆ తేడా చెబుదామనే మనవాళ్ళు 'బ్రదర్' తగిలించారు. తీరా ఆ మాట మేనబావకి తగిలించారో, పెళ్ళి సంబంధమే చెడుతుంది, అది వేరే సంగతి!

ఇంగ్లీషు పుట్టినింటివాళ్ళు తప్పులు చెయ్యరనుకునేరు. 'ఇట్స్'లో నెత్తిన కొమ్ము పెట్టాలో వద్దో తెలియక వాళ్ళూ తికమకపడతారు. పారేసుకోవడానికి ఒక 'ఓ', వదులుగా ఉండడానికి రెండు 'ఓ'లు అన్నది మరచిపోయి, లండనువాడు కూడా చేతిలో ఉన్నది పారేసుకోబోయి వదులు చేసుకుంటాడు. వాళ్ళు భాషను చెవితో నేర్చుకున్నారు, కాబట్టి ఒకేలా వినిపించే మాటల దగ్గర బోల్తా పడతారు. మనం పుస్తకంలో చూసి నేర్చుకున్నాం, కాబట్టి వాక్యం దగ్గర బోల్తా పడతాం. బోల్తా మటుకు ఇద్దరికీ ఉంది.

అసలా స్పెల్లింగులే ఏమంత పతివ్రతలు? అప్పు అనే అర్థం గల 'డెట్'లో పలకని 'బీ' ఒకటుంది చూశారూ, అది మొదట్లో లేదు. ఆ మాట ఫ్రెంచి నుంచి 'బీ' లేకుండానే వచ్చింది. లాటిన్ మూలం చూపించాలన్న సరదాతో తరవాతి పండితులు దాన్ని ఇరికించారు. దీవి అనే 'ఐలండ్'లో 'ఎస్' అయితే మరీ అన్యాయం. దానికి సంబంధమే లేని ఇంకో మాటను చూసి పొరపాటున పెట్టారు. ఆ పొరపాటే ఒప్పయి, దాన్ని వదిలేసిన మన పిల్లకి మార్కు పోతోంది.

మన మాటల్ని వాళ్ళేం చేశారో కూడా చూద్దాం. పందికొక్కు అనడానికి నోరు తిరగక 'బాండికూట్' అన్నారు. ఎర్రసిరా ఎవరూ పట్టుకోలేదు, దర్జాగా నిఘంటువుకెక్కింది. పైగా ఆస్ట్రేలియాలో పొట్టసంచీ ఉన్న ఇంకో జంతువుకీ ఆ పేరే పెట్టారు. కాకినాడ 'కొకనాడా' అయింది, ఏలూరు 'ఎల్లోర్' అయింది. కడపకి వాళ్ళు తగిలించిన వంకర స్పెల్లింగు 2005 దాకా మన కాగితాల మీదే వెలిగింది. దొర నోరు తిరగకపోతే కొత్త మాట, మా తోడికోడలి వేలు జారితే నవ్వు మొహాలు!

మందుచీటీ మీదా, బాంకు కాగితం మీదా తప్పు రాకూడదు, ఒప్పుకుంటాను. పిల్లలకి సరిగ్గా నేర్పాలి, అదీ ఒప్పుకుంటాను. కాని ఈ దిద్దేవాళ్ళని నేనొకటి అడుగుతాను. మీ ఆఫీసరుగారు మీటింగులో 'డిస్కస్ అబౌట్' అంటే మీరెప్పుడైనా నవ్వారా? తలూపి కాగితం మీద రాసుకుంటారు. మీ ఎర్రసిరా ఇంట్లో ఆడవాళ్ళ దగ్గరా, హోటలు బోర్డు దగ్గరా తప్ప పారదేం? ఆ అల్లుడుగారే మొన్న గృహప్రవేశం పిలుపులో 'ఆహ్వానం'లోని హకీ వకీ కుస్తీ పెట్టించారు. ఎవరూ సున్నా చుట్టలేదు. తెలుగే కదా, పోనిద్దురూ!

నిన్న మా తోడికోడలికి ఫోను చేశాను. "పోనీ తెలుగులోనే రాయరాదుటే?" అన్నాను.

"తెలుగు రాకనా అక్కయ్యా? ఇంగ్లీషులో రాయాలని నాకు సరదా. ఇన్నాళ్ళకి చేతిలోకి ఫోనొచ్చింది" అంది.

"అయితే రాయవే, ఎవడు నవ్వుతాడో నేను చూస్తాను" అన్నాను.

ఈ పొద్దున్న ఆరింటికే గ్రూపులో 'గుడ్ మార్నింగ్' పెట్టింది. అందులో ఒక 'ఎన్' తక్కువ. నేను కాఫీ గ్లాసు పక్కన పెట్టి, నా దాంట్లోనూ ఒక 'ఎన్' తీసేసి, జవాబు పంపాను.