"వాళ్ళకి తెలుగు వచ్చుగా!" అంటే సరిపోదండీ

కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

చెప్పదలిచింది ఒక్కటే. మన క్యాంపుల్లో కన్నడ రాని పెద్దవాళ్ళు ఈ వయసులోనైనా కన్నడ మాట్లాడటం నేర్చుకోవాలి. దానికి సంఘమే పూనుకోవాలి.

1953లో తుంగభద్ర డ్యాము నీళ్ళు వదిలాక ఎడమ కాలువ కింద భూములు కొనుక్కుని గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి మన పెద్దలు ఈ వైపుకి వచ్చారు. గంగావతి, సింధనూరు, మాన్వి, ఇటు రాయచూరు తాలూకా... మూడు తరాలు గడిచిపోయాయి. ఓటు ఇక్కడే, రేషన్ కార్డు ఇక్కడే, పహణీలో పేరు ఇక్కడే. పిల్లలు బడిలో కన్నడ చదువుతున్నారు. మిగిలింది మనం, ముఖ్యంగా ఇంటిపట్టునే ఉండిపోయిన ఆడవాళ్ళు.

ఎవర్ని అడిగినా ఒకటే జవాబు. "రాయచూరులో అందరికీ తెలుగు వచ్చుగా, ఇక మనకెందుకు?" నిజమే, చాలామందికి వచ్చు. కానీ ఎలా వచ్చింది? వాళ్ళు మన పొలాల్లో పని చేస్తూ, మనకి సరుకు అమ్ముతూ నేర్చుకున్నారు. మన సుఖం వెనక వాళ్ళ కష్టం ఉంది. పైగా ఆ తెలుగు కూలి దాకా, ధర దాకా వస్తుంది. వాళ్ళ ఇంట్లో కష్టమొస్తే, సరదాకొస్తే మాట్లాడుకునేది కన్నడే. మనం పక్కనే కూర్చుని ఉంటాం, కానీ ఆ మాటల్లో ఉండం.

మన పిల్లలు టెక్సాస్ వెళ్ళి ఆఫీసులో, ఇరుగుపొరుగులో పనికొస్తుందని స్పానిష్ నేర్చుకుంటే నలుగురికీ గొప్పగా చెప్పుకుంటాం. అక్కడ పరాయి భాష నేర్చుకోవడం తెలివితేటలు. ఇక్కడ యాభై ఏళ్ళుగా నీళ్ళు తాగుతున్న ఊరి భాష నేర్చుకోవడం మాత్రం అనవసరమా?

దీనివల్ల నష్టం మనకే. ఆసుపత్రిలో డాక్టరుకి తన ఒంట్లో బాధ చెప్పుకోవడానికి ఒకావిడ పదేళ్ళ మనవణ్ణి వెంటబెట్టుకు వెళ్ళాలి. పిల్లాడి ముందు చెప్పుకోలేనివి చెప్పకుండానే తిరిగొస్తుంది. గ్రామసభ జరిగేది కన్నడలో. నాడకచేరిలో కాగితం కన్నడలో. కాలువ నీళ్ళ మీటింగులో వాదన కన్నడలో. పైన వరి ఎక్కువేస్తే మాన్వి, రాయచూరు చివరి భూములకి నీళ్ళు అందవన్న గొడవ మనకి తెలిసిందే. ఆ మాట వచ్చినప్పుడు మనవాళ్ళు మౌనంగా కూర్చుంటే, పొగరనుకుంటారు. వాళ్ళు గట్టిగా మాట్లాడితే మనం తిడుతున్నారనుకుంటాం. సగం అపోహలు ఇక్కడే పుడుతున్నాయి.

"ఈ వయసులో నోరు తిరుగుతుందా?" అంటారు. తెలుగు వచ్చినవాడికి కన్నడ సగం వచ్చినట్టేనండీ. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి విడిపోయినవి. క, త, స, హ లాంటి కొన్ని అక్షరాలు, తలకట్టు తేడా పట్టుకుంటే కల్మల క్రాస్‌లో నిలబడి మాన్వి బస్సేదో, లింగసుగూరు బస్సేదో బోర్డు చూసి మనమే చెప్పొచ్చు.

మాటల్లోనూ దారి ఉంది. మన "ప" చాలా మాటల్లో వాళ్ళకి "హ" అవుతుంది. పత్తి హత్తి, పొలం హొల, పాలు హాలు, పువ్వు హూవు, పది హత్తు. మన "వ" కొన్నిచోట్ల "బ" అవుతుంది. వెన్న బెణ్ణె, వెల బెలె, విత్తు బిత్తు. రైతుకి ఇంతకంటే తేలికైన పాఠం ఉందా?

తికమకలూ ఉంటాయి. విస్తరి ముందు "సాకు" అన్నారంటే సాకులు చెప్తున్నట్టు కాదు, "చాలు" అని. "అడిగె ఆతేను?" అంటే ఎవరో ఏదో అడిగినట్టు కాదు, "వంటయిందా?" అని. ఇలాంటివి పుస్తకంలో చదివితే మర్చిపోతాం. ఒకసారి నలుగురూ నవ్వితే జన్మలో మర్చిపోం.

ఇంకో సంగతి. యూట్యూబ్‌లో నేర్పేది ఎక్కువగా బెంగళూరు కన్నడ. అక్కడ "హేగిద్దీరా" అంటే, ఇక్కడ "ఆరాం అదీరేన్రి?" అంటారు. ఆ చివర "రీ"లో మన "అండీ"కి ఉన్నంత మర్యాద ఉంది. అందుకే మన గురువులు ఫోన్లో లేరు, పక్క గట్టు మీదున్నారు.

తెలుగు పోతుందన్న భయం కొందరిది. మన పిల్లలకి తెలుగు చదవడం రాకుండా పోతున్నది ఇంగ్లీషు మీడియం వల్ల, మనం ఇంట్లో నేర్పకపోవడం వల్ల. కన్నడ వల్ల కాదు. రెండు భాషలు ఒక ఇంట్లో ఇమడవనుకుంటే పాల్కురికి సోమనాథుడు తెలుగులోనూ కన్నడలోనూ ఎలా రాశాడు?

సంఘానికి నా సూచనలు మూడు.

ఒకటి, ప్రతి ఆదివారం సాయంత్రం సంఘం హాల్లో గంటసేపు కన్నడ మాటలు. పుస్తకాలు, పరీక్షలు వద్దు. రిటైరైన కన్నడ మాస్టారినో, ఊళ్ళో మాటకారి అవ్వనో పిలుద్దాం. ఊరికే వద్దు, గౌరవంగా డబ్బిద్దాం.

రెండు, ఆడవాళ్ళకి విడిగా ఒక గంట. ఆసుపత్రి, అంగన్‌వాడీ, బ్యాంకు, సంతలో వాడే మాటలతో మొదలుపెడదాం.

మూడు, కన్నడ స్నేహితులకి ఒక విన్నపం. మేం తడబడగానే జాలిపడి తెలుగులోకి వచ్చేయకండి. తప్పుల్తోనే మాట్లాడనివ్వండి, దిద్దండి.

ఎప్పుడు మొదలుపెడదామంటే, నవంబరు 1 మంచిరోజు. 1956లో ఆ రోజునే ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, ఆ రోజునే రాయచూరు హైదరాబాదు రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. మన రెండిళ్ళకీ అది పండగే. ఏటా రాజ్యోత్సవానికి జెండా కట్టి, చందా ఇచ్చి వచ్చేస్తున్నాం. ఈసారి మనలో ఒకరు లేచి, వచ్చీరాని కన్నడలోనే నాలుగు మాటలు మాట్లాడాలి.

పేర్లు ఇవ్వదలిచినవాళ్ళు కార్యదర్శి గారికి చెప్పండి. మొదటి పేరు నేనిచ్చేశాను. "మీరు వెళ్ళండి, మాకెందుకు" అనేవాళ్ళకి జవాబు కన్నడలోనే చెప్తున్నా: సాక్రీ!