కారు చూపే డిగ్రీలు ఎక్కడివి?

మే నెల మధ్యాహ్నం పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురి దగ్గర పంఖా రోడ్డు మీద వాహనాలు బారులు తీరతాయి. పేరులో పంఖా ఉన్నా ఆ వేళ అక్కడ గాలి ఆడదు. కారు తెర మీద బయటి ఉష్ణోగ్రత 49 అని కనబడితే ఎవరో ఒకరు ఫోటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెడతారు. అది విజయవాడలోని బంధువుల దాకా వెళ్తుంది. సాయంత్రం వాతావరణ శాఖ 44 అంటే, అసలు లెక్క దాస్తున్నారన్న అనుమానం మొదలవుతుంది.

నిజానికి ఆ రెండు అంకెలూ సరైనవే కావచ్చు. ఏ సెన్సర్ అయినా చెప్పగలిగేది తన ఒంటి వేడి ఎంతో మాత్రమే. దాన్ని ఎక్కడ అమర్చారో తెలియకుండా అంకెను చదివితే అర్థం సగమే తెలుస్తుంది.

కారులో బయటి వేడిని కొలిచే సెన్సర్ సాధారణంగా ముందు బంపర్ వెనుకో, రేడియేటర్ ముందున్న జాలీ దగ్గరో ఉంటుంది. ఎక్కువగా వాడేది థర్మిస్టర్. ఇది మాంగనీస్, నికెల్, కోబాల్ట్ వంటి లోహాల ఆక్సైడ్లతో చేసిన చిన్న పూస. వేడెక్కే కొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. వాడుకలో ఉన్న ఒక రకానికి 25 డిగ్రీల దగ్గర నిరోధం 10,000 ఓములు. 50 డిగ్రీల దగ్గర అది సుమారు 3,600 ఓములకు పడిపోతుంది. కారులోని కంప్యూటర్ ఆ నిరోధాన్ని డిగ్రీలుగా మారుస్తుంది.

కారు పరుగెడుతున్నప్పుడు పూసకు ఎదురుగాలి తగులుతుంది కాబట్టి దాని వేడి, బయటి గాలి వేడి దాదాపు ఒకటే. ట్రాఫిక్‌లో ఆగితే రేడియేటర్ వేడి, తారు రోడ్డు సెగ, ముందు బండి పొగ దాన్ని చుట్టుముడతాయి. అప్పుడు తెర మీద కనిపించేది బంపర్ దగ్గరి వేడి. అందుకే చాలా కార్లలో బండి నెమ్మదించినప్పుడు పెరిగే రీడింగును వెంటనే చూపకుండా, పాత అంకెనే కాసేపు నిలిపి ఉంచేలా ప్రోగ్రాం రాస్తారు.

లోపలి సెన్సర్ల సంగతీ అంతే. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో స్టీరింగ్ దగ్గర చిన్న చీలికల వెనుక ఒక సెన్సర్ ఉంటుంది. దాని మీదుగా క్యాబిన్ గాలిని లాగే ఏర్పాటు ఉంటుంది. ఢిల్లీ దుమ్ము ఆ చీలికలను మూసేస్తే, సెన్సర్ ప్లాస్టిక్ వేడిని కొలుస్తుంది. ఏసీ అనవసరంగా శ్రమిస్తుంది. అద్దం కింద డ్యాష్‌బోర్డు మీద ఎండను పసిగట్టే ఫోటోడయోడ్ ఉంటుంది. దాని మీద దేవుడి బొమ్మో టిష్యూ డబ్బానో పెడితే కంప్యూటర్‌కు ఎండ లేనట్టే. కూలింగ్ కాయిల్ దగ్గరి సెన్సర్, కాయిల్ మీద నీరు గడ్డకట్టకముందే కంప్రెసర్‌ను ఆపుతుంది.

తీగ తెగితే థర్మిస్టర్ నిరోధం అనంతంగా కనిపిస్తుంది. అంటే కంప్యూటర్ లెక్కలో విపరీతమైన చలి! కొన్ని కార్లలో ఈ కారణంగానే నడి వేసవిలో కంప్రెసర్ ఆగిపోతుంది. అప్పుడు చాలామంది మొదట చేయించేది గ్యాస్ నింపించడం. మల్టీమీటర్‌తో సెన్సర్‌ను చూడటానికి నిమిషాలు చాలు. కార్లలో విరివిగా వాడే ఆర్-134ఏ వాయువు, నూరేళ్ల లెక్కన, కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,400 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అందుకే వర్క్‌షాపుల్లో ముందు సెన్సర్, తర్వాతే గ్యాస్ అన్నది నియమం కావాలి.

వాతావరణ కేంద్రంలో సెన్సర్‌ను ఎండ నేరుగా తగలకుండా, గాలి ఆడే కవచంలో, నేలకు మీటరుకు పైగా ఎత్తులో ఉంచుతారు. అయినా పొరపాటుకు అతీతం కాదు. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేష్‌పూర్ ఆటోమేటిక్ కేంద్రం 52.9 డిగ్రీలు చూపింది. అదే రోజు సఫ్దర్‌జంగ్‌లో నమోదైంది 46.8. తర్వాత ప్రామాణిక పరికరంతో పోల్చి చూసి, ముంగేష్‌పూర్ సెన్సర్ సుమారు 3 డిగ్రీలు ఎక్కువ చూపుతోందని వాతావరణ శాఖ తేల్చింది. మైదానాల్లో 45 డిగ్రీలు వడగాడ్పుకు ఒక కొలబద్ద. ఆ గీత దగ్గర 3 డిగ్రీలు చిన్న తేడా కాదు. తప్పును వెతికి బయటపెట్టడం వల్ల శాఖ మీద నమ్మకం పెరగాలి కానీ తగ్గకూడదు.

అలాగని బంపర్ అంకెను కొట్టిపారేయడం సరికాదు. పంఖా రోడ్డు మీద ఈ-రిక్షా నడిపేవారు, పండ్లు అమ్మేవారు, ట్రాఫిక్ పోలీసులు నిలబడేది కవచం నీడలో కాదు, ఆ తారు పక్కనే. అధికారిక ఉష్ణోగ్రత ఊళ్లను, ఏళ్లను పోల్చడానికి. రోడ్డు మీది మనిషికి తగిలే సెగను కొలవాలంటే ఆ పనికి తగిన సెన్సర్లను సరిచూసి, రోడ్ల పక్కనే పెట్టాలి. నగర పాలక సంస్థలు ఆ పని చేయాలి.

కార్ల కంపెనీలు సెన్సర్ ఎక్కడుందో, ఆగిన బండిలో అది ఎలా తప్పుదారి పట్టిస్తుందో మాన్యువల్‌లో స్పష్టంగా రాయాలి. బడుల్లో ఒక థర్మిస్టర్, ఒక మల్టీమీటర్, ఒక గ్లాసు ఐసు నీళ్లు, ఒక గ్లాసు వేడినీళ్లు ఉంటే పిల్లలు ఇదంతా గంటలో చూసి తెలుసుకుంటారు. ఇకపై గ్రూపులో డిగ్రీల ఫోటో వస్తే, ముందుకు పంపే ముందు ఒక్క మాట అడగండి: ఆ సమయంలో బండి కదులుతోందా, ఆగి ఉందా?