రంగు పెన్సిలు కొనడం, చెక్కడం

ఆఫీసు గుమాస్తాకు ఎఱ్ఱ నీలం పెన్సిలు చిరకాల మిత్రం. ఒక కొన ఎరుపు, రెండవ కొన నీలం. చేతికందిన బ్లేడుతో దానిని చెక్కి, కాగితాల మీద గుర్తులు పెడుతూ ఇరవై ఏళ్ళు గడిపినవాణ్ణి కనుక పెన్సిలు సంగతి నాకొకరు చెప్పనక్కరలేదనుకునేవాణ్ణి. మా అమ్మాయి బొమ్మలు వేయడం మొదలుపెట్టిన తరువాత ఆ గర్వం కాస్తా దిగింది.

పదేళ్ళ వయసులో అది వాళ్ళ నాయనమ్మ బొమ్మ వేసింది. వంగపండు రంగు చీర, చెవులకు కమ్మలు, ఒడిలో చేటెడు చిక్కుడుకాయలు. ముచ్చటపడి పటం కట్టించి ముందుగదిలో, కిటికీకి ఎదురుగా తగిలించాము. మూడు వేసవులు గడిచేసరికి ముఖం నిలిచింది గాని, చీర బూడిద వన్నెకు దిగింది. ఈలోగా మా అమ్మ కాలం చేసింది. ఎదుట కూర్చోబెట్టి మళ్ళీ వేయించే వీలు లేదు.

తప్పు పిల్లది కాదు, నాది. పెట్టె మీద ఎన్ని రంగులున్నాయో లెక్క చూసి కొన్నానే కాని, అవి ఎండకు నిలుస్తాయా అని అడగలేదు. బడి పెన్సిలుకూ చిత్రకారుల పెన్సిలుకూ ముఖ్యమైన తేడా ఇక్కడే ఉన్నది. గులాబీ, ఊదా వన్నెలలో చాలా వాటికి వెలుగు పడదు. మట్టిరంగులు, గోధుమ వన్నెలు గట్టివి. మంచి కంపెనీలవారు ఈ సంగతి పెన్సిలు మీదనే అచ్చువేస్తారు. 1908లో వచ్చిన ఫాబర్ కాస్టెల్ పాలీక్రోమోస్ మీద చిన్న నక్షత్రాలు చూడవచ్చు. మూడుంటే అన్నిటికన్న గట్టిరంగని అర్థం. గుర్తులేమీ లేని పెన్సిళ్ళకు ఇంటి పరీక్ష ఒకటుంది. ఒక కాగితం మీద అన్ని రంగులూ పట్టీలుగా పూసి, సగం అట్టతో కప్పి, ఎండ తగిలే కిటికీలో రెండు మూడు నెలలుంచండి. అట్ట తీసి చూస్తే మోసగాళ్ళెవరో వారే బయటపడతారు.

ఒక్కొక్క పెన్సిలు ధర చూస్తే గుండె జల్లుమనే మాట నిజమే. నూటయిరవై రంగుల పెట్టె ఎందుకు చెప్పండి? విడిగా అమ్మే దుకాణాలున్నాయి. పది పన్నెండు మంచివి ఏరుకుంటే, ఒకదాని మీద ఒకటి పూసి మిగిలినవి పుట్టించవచ్చు. కొనేటప్పుడు చెక్కని కొన వైపు చూడండి. రంగు కడ్డీ కర్రకు సరిగా నడుమ ఉండాలి. ఒక పక్కకు ఒరిగిందంటే ఎంత చెక్కినా ఒకవైపు కర్ర మిగులుతుంది, ముల్లు నిలవదు. నీటితో కరిగే రకం వేరు, మామూలు రకం వేరు. పెట్టెలు చూడబోతే కవలపిల్లల్లా ఉంటాయి, అడిగి తీసుకోవాలి. మామూలు రకంలోనూ మైనం ఎక్కువగా ఉన్నవి మెత్తగా వెన్నలా పూస్తాయి. 1938 నుంచి వస్తున్న ప్రిస్మాకలర్ ఆ తరహాది. నూనెతో చేసినవి కొంచెం గట్టి. సన్నని ముల్లు నిలుస్తుంది. కనురెప్పలు, చీర అంచులు వేసే పిల్లలకు ఇవి నయం.

ఇక చెక్కడం. నల్ల పెన్సిలు కడ్డీని బంకమట్టి కలిపి కొలిమిలో కాలుస్తారు. రంగు కడ్డీని అలా కాలిస్తే రంగూ మైనమూ మాడిపోతాయి గనుక ఆరబెట్టి ఊరుకుంటారు. అందుకే అది అంత సుకుమారం. ఒకసారి నేలమీద పడిందంటే పైన కర్ర చెక్కుచెదరదు, లోపల నాలుగు ముక్కలవుతుంది. తరువాత చెక్కినకొద్దీ ముల్లు ఊడి వస్తూంటే షార్పనర్‌ను తిట్టుకుంటాము. గుండ్రని పెన్సిళ్ళు బల్ల మీద నుంచి దొర్లిపోతాయి. క్రింద ఒక తుండుగుడ్డ పరచుకోవడం మంచిది.

షార్పనర్ బ్లేడు మొద్దుబారితే అది చెక్కదు, కొరుకుతుంది. ఖరీదైన పెన్సిలుకు పాత షార్పనర్ పెట్టడం లోభం కాదు, నష్టం. నల్ల పెన్సిలు చెక్కినదానిలో పసుపు పెన్సిలు పెడితే మసి అంటుకుంటుంది. దీనికి వేరేది ఉంచండి. పెన్సిలును కదలకుండా పట్టుకొని షార్పనర్‌నే నెమ్మదిగా త్రిప్పండి. మెత్తని ముల్లుకు మెలిక తగలదు. నాకు మటుకు బ్లేడే ఇష్టం. కర్రను కొంచెం కొంచెంగా, బొటనవేలితో బ్లేడు వీపును నెడుతూ తీసి, ముల్లును గరుకు కాగితం మీద దొర్లిస్తే సరి. పిల్లల చేతికి మాత్రం బ్లేడు ఇవ్వకండి. పొట్టి ముక్కలు పారవేయనక్కరలేదు, వాటికి తొడిగే పిడులు దొరుకుతాయి.

మొన్న ఆ పటం విప్పాము. చట్రం అంచు క్రింద దాగిన సన్నని పట్టీలో చీర రంగు నిన్న వేసినట్లే ఉన్నది. అమ్మాయీ నేనూ ఆ కాగితం దుకాణానికి పట్టుకుపోయి, వేరే చిత్తు కాగితం మీద గీసి ప్రక్కన పెట్టి చూసుకుంటూ గంటసేపు నిలబడ్డాము. దుకాణదారు విసుక్కోలేదు, ఆయన పుణ్యం. మూడేసి నక్షత్రాలవే, ముదురు నీలం ఒకటి, కుంకుమ వన్నె ఎరుపు ఒకటి తీసుకున్నాము. ఒకదానిపై ఒకటి పూస్తే దాదాపు కలిసింది. ఈసారి పటం నడవా గోడకు, ఎండ పడని చోట. చీర సగం అయింది.