నల్లజాబితా ఓడిపోలేదు

‘ట్రంబో’ సినిమాను మెచ్చుకునేవాళ్లు దాదాపు అందరూ ఒకే మాట అంటారు: నిజమైన ప్రతిభను ఏ నిషేధమూ ఆపలేదని. 2015లో జే రోచ్ తీసిన ఈ జీవితచిత్రం ఆ మాట కోసమే అల్లినట్టు ఉంటుంది. కమ్యూనిస్టువా కాదా అని 1947లో అమెరికా పార్లమెంటు కమిటీ అడిగితే సినిమా రచయిత డాల్టన్ ట్రంబో సమాధానం చెప్పలేదు. 1950లో జైలుకెళ్లాడు. పరాయి పేర్లతో రాసి రెండు ఆస్కార్లు తెచ్చుకున్నాడు. 1960లో ‘ఎక్సోడస్’, ‘స్పార్టకస్’ తెరల మీద సొంత పేరు కనపడేసరికి నల్లజాబితా కుప్పకూలింది. వినడానికి బాగుంది, కాని జరిగింది అది కాదు. నల్లజాబితా ఎవరి నోరు మూయించాలనుకుందో వాళ్ల నోరు చాలావరకు మూయించింది. గోదావరిఖని లాంటి బొగ్గు ఊరి నుంచి చూసేవాళ్లకు ఈ సంగతి హాలీవుడ్‌ వాళ్లకంటే త్వరగా అర్థం కావాలి.

ఆ జాబితాకు చట్టం లేదు, ప్రభుత్వ ఉత్తర్వు లేదు. 1947 నవంబరులో స్టూడియో యజమానులు న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ హోటల్లో కూర్చుని, కమ్యూనిస్టుల్ని తెలిసి తెలిసి పనిలో పెట్టుకోబోమని ప్రకటించారు. అంతే. ఆ తర్వాత కూడా సినిమారంగం ట్రంబో కలాన్ని వదులుకోలేదు, పేరును మాత్రమే వదులుకుంది. పేరు లేని కలం చవగ్గా దొరికింది కూడా. ‘రోమన్ హాలిడే’ (1953) ఇయాన్ హంటర్ పేరుతో వచ్చింది, ‘ది బ్రేవ్ వన్’ (1956) రాబర్ట్ రిచ్ పేరుతో వచ్చింది. ఒకదాంట్లో రాకుమారి ప్రేమ, ఇంకోదాంట్లో పిల్లవాడికీ ఎద్దుకూ మధ్య మమకారం. ఈ కథలకు ఎవరూ అడ్డుపడలేదు. మరి దేనికి అడ్డుపడ్డారు?

గని కార్మికుల సినిమాకు. న్యూమెక్సికో రాష్ట్రంలో ఎంపైర్ జింక్ కంపెనీ మీద 1950 అక్టోబరులో సమ్మె మొదలై 1952 జనవరి దాకా నడిచింది. కార్మికుల్లో ఎక్కువమంది మెక్సికన్ మూలాలవాళ్లు. తెల్లవాళ్ల ఇళ్లలో ఉన్న నీటి వసతి తమ క్వార్టర్లలో లేకపోవడం కూడా వాళ్ల పోరాటంలో భాగమే. యూనియన్ సభ్యులు పికెటింగ్ చేయకూడదని కంపెనీ కోర్టు ఉత్తర్వు తెచ్చింది. భార్యలు సభ్యులు కారు కనుక, వాళ్లొచ్చి ఆ చోట నిలబడ్డారు. ట్రంబోలాగే కమిటీకి సమాధానం చెప్పని ‘హాలీవుడ్ పదిమంది’లో ఒకడై జైలుకెళ్లొచ్చిన హెర్బర్ట్ బైబర్‌మన్, నల్లజాబితాలోని రచయిత మైకేల్ విల్సన్, నిర్మాత పాల్ జారికో కలిసి ఈ కథనే ‘సాల్ట్ ఆఫ్ ది ఎర్త్’ (1954)గా తీశారు. స్థానిక యూనియన్ అధ్యక్షుడు హువాన్ చకోన్ కథానాయకుడు. షూటింగు సాగుతుండగానే కథానాయిక రొసౌరా రెవెల్తాస్‌ను అరెస్టు చేసి మెక్సికో పంపారు. ఫిల్మ్ కడగడానికి ల్యాబులు ఒప్పుకోలేదు. ఈ సినిమాను ఎక్కడెక్కడ ఆపవచ్చో స్టూడియో యజమాని హోవార్డ్ హ్యూజ్ ఉత్తరం రాసి మరీ చెప్పాడు. ప్రొజెక్టర్ తిప్పేవాళ్ల యూనియన్ కూడా వెనక్కి తగ్గింది; కార్మికుల సినిమాను కార్మిక సంఘమే ఆపడం ఈ కథలో అన్నిటికంటే చేదు సంగతి. చివరికి దేశం మొత్తంలో వేళ్లమీద లెక్కపెట్టగలిగిన హాళ్లలోనే ఆడింది. రాకుమారి కథకు దొడ్డిదారి దొరికింది. గనివాడి కథకు అదీ దొరకలేదు.

‘ట్రంబో’లో ఈ ఘట్టానికి చోటు లేదు. దానికి బదులు ఒక ముచ్చటైన దృశ్యం ఉంది. నువ్వు కమ్యూనిస్టువా అని కూతురు అడుగుతుంది. బడిలో పక్కపిల్ల తిండి తెచ్చుకోకపోతే నీ సాండ్‌విచ్ పంచుతావా అని తండ్రి తిరిగి అడుగుతాడు. పంచుతానంటే నువ్వూ కమ్యూనిస్టువే అన్నట్టు తేలుస్తాడు. రాజకీయం ఇక్కడ మంచితనంగా కరిగిపోయింది. బొగ్గు బాయిలో సద్ది పంచుకోవడం రోజూ ఉండేదే, దానికి ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు, దానికి ఏ యాజమాన్యమూ జడవదు. 1981లో సింగరేణి కార్మికులు 56 రోజులు పని ఆపింది సద్ది కోసం కాదు. నోటీసు లేకుండా ఒక్కరోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోసే నిబంధన మీద ఆపారు. యజమానులు భయపడేది ఆ రెండో రకం పనికి. నల్లజాబితా తెర మీదికి రానివ్వనిదీ దాన్నే.

మన దగ్గర ఈ వ్యవహారం తలకిందులుగా జరిగింది. 1947 నాటి ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నిర్బంధంలో, ఆ నాటకం ఆడిన ప్రజానాట్యమండలి చెదిరిపోయింది. అయితే ఆ మనుషులకు మద్రాసు సినిమా తలుపులు మూసుకోలేదు. గరికపాటి రాజారావు ‘పుట్టిల్లు’ (1953) తీశారు. తాతినేని ప్రకాశరావు, మిక్కిలినేని వంటివాళ్లు పరిశ్రమలో స్థిరపడ్డారు. దీన్నిబట్టి మనకు నల్లజాబితా లేదని కొందరు గర్వంగా చెబుతారు. మనుషులకు లేదు, నిజమే. వాళ్లు వేదిక మీద చూపిన తెలంగాణ రైతు పోరాటం మాత్రం వెండితెరకెక్కడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 1979లో గౌతమ్ ఘోష్, బి. నర్సింగరావు పరిశ్రమకు బయట ఉండి, అదే ‘మా భూమి’ పేరుతో సినిమా తీశారు. ‘ఎర్ర సైన్యం’ (1994), ‘చీమల దండు’ (1995) సినిమాలను ఆర్. నారాయణమూర్తి సొంత సంస్థలోనే తీయాల్సి వచ్చింది. మనిషికి అన్నం పెట్టి కథను పక్కనపెట్టడం కూడా ఒక పద్ధతే. అది వాల్డార్ఫ్ ప్రకటన కంటే మర్యాదగా పనిచేస్తుంది.

‘స్పార్టకస్’ మాటేమిటి, అది తిరుగుబాటు కథ కాదా అంటారు. తిరుగుబాటే, కాని రెండు వేల ఏళ్ల కిందట రోములో జరిగినది. అది ఏ జింక్ కంపెనీకీ నొప్పి కలిగించదు. 1960తో జాబితా కూలిందన్నదీ పూర్తి నిజం కాదు. రెండేళ్ల తర్వాత వచ్చిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ రచయితల్లో ఒకడైన మైకేల్ విల్సన్ పేరు తెర మీద పడలేదు. ఈ మనుషులు స్టాలిన్ తప్పులకు కళ్లు మూసుకున్నారు కదా, వాళ్ల కోసం కన్నీళ్లెందుకన్నది ఇంకో అభ్యంతరం. మూసుకున్నారు, ట్రంబో పార్టీ రాజకీయాల్ని సినిమా మెత్తగా దాటేసిందన్నదీ ఒప్పుకోవాల్సిందే. కాని తప్పుడు అభిప్రాయం ఉన్నవాడి కూడు తీసే హక్కు యజమానికి ఉందా అన్నదే ఇక్కడి ప్రశ్న. దానికి జవాబు రచయిత ప్రతిభను బట్టి మారకూడదు. ‘ట్రంబో’ తర్కం ఇక్కడే దెబ్బతింటుంది. సగటు రచయితను తీసేసి ఉంటే, అతనికి ఆస్కార్ రాకపోతే, అన్యాయం తగ్గేదా? జీవితచిత్రానికి ఒక్కడే నాయకుడు కావాలి కదా అంటే, 2000లో ‘వన్ ఆఫ్ ది హాలీవుడ్ టెన్’ బైబర్‌మన్‌ను నాయకుణ్ని చేసి, ఆ గని సినిమా తీసిన కథనే చెప్పింది. చెప్పడం సాధ్యమే. పేరు మాత్రం ‘ట్రంబో’కే దక్కింది.

గనుల కథలు ఎవరు చూస్తారన్నది చివరి అభ్యంతరం, మార్కెట్‌ది. సింగరేణి గనుల పక్క ఊరిలో జరిగే ‘దసరా’ను 2023లో జనం విరగబడి చూశారు. అందులో బొగ్గు మసి ఉంది, గూడ్సు రైలు మీంచి బొగ్గు దొంగిలించే కుర్రాళ్లున్నారు, కల్లూ బారూ ఉన్నాయి. బాయి దిగేవాడి జీతం, సంఘం, సమ్మె కథకు అవసరం కాలేదు. బొగ్గు చూపిస్తే జనం రారన్న మాట దీంతో చెల్లదు. ‘మా భూమి’ సినిమా హైదరాబాద్‌లో ఉదయం ఆటలుగా ఎంతోకాలం ఆడింది కనుక, పోరాటం చూపిస్తే రారన్నదీ చెల్లదు. ఇక 56 రోజుల సమ్మెను కథగా పెట్టుకుని ఒక పెద్ద నిర్మాణ సంస్థ గోదావరిఖనికి రావడానికి అడ్డేమిటో, ప్రతిభ ఎప్పటికైనా గెలుస్తుందని నమ్మేవాళ్లే చెప్పాలి.