పదిహేడు క్వింటాళ్ల కంప్యూటర్

నలభై వేలు. గేములాడుకోవడానికి పనికొచ్చే కంప్యూటర్‌ని విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకుంటే అటూఇటూగా అయ్యే ఖర్చు ఇది. పట్నంలో ఈ అంకె వింటే 'నెలకు ఎంత కట్టాలి' అంటారు. పాలమూరులోనో నల్గొండలోనో లెక్క వేరు... ఎన్ని క్వింటాళ్లు? 2025-26 సీజన్‌కి సాధారణ రకం వడ్లకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. అంటే దాదాపు పదిహేడు క్వింటాళ్ల వడ్లు ఒక రేకు డబ్బాలోకి పోవాలి. అదీ చదువు పేరు చెప్పి కాదు, ఆటల కోసం!

అందుకే 'నాయినా, మనమే ఒక గేమింగ్ పీసీ బిగిద్దామా' అని తొమ్మిదో తరగతి పిల్ల అడిగితే చాలా ఇళ్లలో మాట అక్కడే ఆగిపోతుంది. ఆగిపోని ఇల్లు ఒకటి ఊహించుకోండి. తిప్పర్తి దగ్గరో, జడ్చర్ల చౌరస్తాలోనో ఓ మోటార్ వైండింగ్ దుకాణం. ముందు వరసగా కాలిపోయిన బోరు మోటార్లు. తండ్రి చదువు పదో తరగతి దాకా. కంప్యూటర్ గురించి తనకేమీ తెలియదనే అనుకుంటాడు. నిజానికి సగం తెలుసు. ఆ సంగతి తరవాత.

ముందు ఫోను సంగతి. కంప్యూటర్ వద్దన్నంత మాత్రాన పిల్లలు ఆటలు మానేస్తారా ఏం? దుప్పట్లో దూరి ఫోన్లో ఆడతారు. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్‌జీని నిషేధించింది. 2021లో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 జులైలో దాన్నీ ఆపేశారు. 2023లో మళ్లీ వచ్చింది. ఈ రాకపోకల మధ్య పిల్లల ఆటేమీ ఆగలేదు. అసలు భయపడాల్సింది ఆ కాల్పుల ఆటల గురించి కాదు, డబ్బు పెట్టి ఆడేవాటి గురించి. ఆన్‌లైన్ పేకాట మీద తెలంగాణ 2017లోనే నిషేధం పెట్టింది. పందెం డబ్బుతో నడిచే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం ఉంది కదా అని ఫోనుకొచ్చే ప్రతి లింకు దగ్గరా పోలీసు నిలబడడు. ముందు గదిలో, వచ్చేపోయే వాళ్లందరికీ కనబడేలా పెట్టిన పెద్ద తెర ఆ లెక్కన ఎంతో నయం. పైగా ఈ పిల్లల తండ్రుల్లో చాలామంది గంటకు పదో పదిహేనో ఇచ్చి ఇంటర్నెట్ సెంటర్లో రోడ్ రాష్, వైస్ సిటీ ఆడి వచ్చినవాళ్లే. ఆ ముచ్చట ఇంట్లో చెప్పరంతే!

ఇక కొనడం. తెలంగాణలో విడిభాగాల కంప్యూటర్ అనగానే గుర్తొచ్చే చోటు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరి నోటా సీటీసీ. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా సుమారు వంద కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ బస్సెక్కితే తండ్రికి టికెట్టు, బిడ్డకు జీరో టికెట్టు... 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకం పుణ్యం. ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కితే పరేడ్ గ్రౌండ్స్, అక్కడ రైలు మారితే తరవాతి స్టేషనే ప్యారడైజ్. అక్కణ్నుంచి నడకే. దారి పొడవునా పిల్ల కాగితం మీద రాసుకున్న జాబితా చదువుతుంటుంది. తండ్రి 'ఇదెందుకు, అదెందుకు' అని అడుగుతుంటాడు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పలేని వస్తువేదైనా జాబితాలో ఉంటే దాన్ని కొట్టేయొచ్చు.

తక్కువ డబ్బులో తెలివైన దారి ఏమిటంటే మొదట గ్రాఫిక్స్ కార్డు కొనకపోవడం. చాలామంది ఇందుకు ఒప్పుకోరు. గేమింగ్ అంటేనే గ్రాఫిక్స్ కార్డు కదా అంటారు. కానీ నలభై వేలలో కార్డు కూడా ఇరికిస్తే మిగతావన్నీ నాసిరకమవుతాయి. ఎఎండీ సంస్థ 2021లో తెచ్చిన రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్లలో బొమ్మ గీసే భాగం లోపలే ఉంటుంది. వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ హాయిగా ఆడుకోవచ్చు. 2013 నాటి జీటీఏ ఫైవ్ కూడా సెట్టింగులు కాస్త తగ్గిస్తే నడుస్తుంది. కొత్తగా వచ్చే భారీ ఆటలు మాత్రం ఆశించొద్దు. అన్నట్టు ఎఎండీ, ఇంటెల్, ఎన్విడియా మూడింటికీ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. పిల్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఈ మాట చెబితే తండ్రి ఒకటికి రెండుసార్లు 'మన హైదరాబాద్‌లనేనా' అని అడుగుతాడు.

ఇలాంటి ప్రాసెసర్ కొన్నప్పుడు ర్యామ్ దగ్గర ఒక మెలిక ఉంది. బొమ్మ గీసే భాగానికి సొంత మెమొరీ ఉండదు. ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. కాబట్టి 16 జీబీ ఒకే ముక్కగా కాకుండా ఎనిమిదేసి జీబీల ముక్కలు రెండు వేయాలి. ఒకే మోరీ లోంచి పారే నీటికీ, రెండు మోరీల్లోంచి పారే నీటికీ ఉన్నంత తేడా. దురదృష్టం ఏమిటంటే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు కొండెక్కాయి. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు మెమొరీ చిప్పుల్ని మూటలకొద్దీ ఎత్తుకుపోతుంటే ఇళ్లకు మిగిలేది తగ్గింది. ఎక్కడో అమెరికాలో యంత్రానికి మాటలు నేర్పుతుంటే ఇక్కడ తిప్పర్తి పిల్ల జాబితా మారిపోవడం విచిత్రమే. అంచనా దాటితే మానిటర్ వాయిదా వేసి ఇంట్లో ఉన్న టీవీకే హెచ్‌డీఎంఐ తీగ తగిలించుకోవచ్చు. అప్పుడు వచ్చే తగాదా ఆట గురించి కాదు, సీరియల్ గురించి.

దుకాణంలో 'బిల్లుతో అయితే ఒక రేటు, బిల్లు లేకుండా ఇంకో రేటు' అన్నచోట పిల్ల తండ్రి ముఖం చూస్తుంది. విడిభాగాల మీద 18 శాతం జీఎస్టీ. ఆ మేరకు మిగులుతుందని ఆశ. కానీ మదర్ బోర్డుకైనా ర్యామ్‌కైనా ఏళ్ల తరబడి వారంటీ ఉంటుంది. రేపు అది పోతే సర్వీస్ సెంటర్ వాళ్లు అడిగేది ఆ కాగితమే. వంద కిలోమీటర్ల అవతలున్నవాళ్లకు బిల్లు కూడా ఒక విడిభాగమే.

పాత కంప్యూటర్ల సంగతీ చెప్పుకోవాలి. కంపెనీలు వాడి తీసేసిన ఆఫీసు డబ్బాలు చవగ్గా దొరుకుతాయి. కొందరికి అవే సరైన దారి. అయితే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. నాలుగో తరం ఐ5 డబ్బా తెచ్చుకుంటే అక్కడే చిక్కు. పైగా ఆ సన్నటి డబ్బాల్లో చాలావాటికి ఎస్ఎంపీఎస్ ఆ కంపెనీదే పట్టాలి. రేపు మామూలు గ్రాఫిక్స్ కార్డు పెడదామంటే చోటూ చాలదు, కరెంటూ చాలదు.

ఇక తండ్రికి తెలిసిన సగం. అన్నిటికన్నా పిసినారితనం చూపకూడనిది ఎస్ఎంపీఎస్ మీద. దుకాణంలో క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చే ఎస్ఎంపీఎస్‌ని చేత్తో ఎత్తి చూసి 'గిది బాగ తేలికున్నది బిడ్డా' అని పక్కన పెట్టేయగలిగేది వైండింగ్ చేసే మనిషే. బరువొక్కటే ప్రమాణం కాదు గానీ, రాగి ఎక్కడ మిగుల్చుకుంటారో అతనికి తెలుసు. వోల్టేజి పడిపోయినప్పుడు బోరు మోటార్ అదే నీళ్లు తోడటానికి ఎక్కువ కరెంటు గుంజుతుంది. వేడెక్కి వైండింగ్ కాలుతుంది. ఎస్ఎంపీఎస్ కూడా అంతే... లోపల అడిగిన వాట్లు ఇవ్వడానికి, వోల్టేజి తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది. వంద నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుందని డబ్బా మీద రాసి, 80 ప్లస్ గుర్తున్న మంచి కంపెనీది తీసుకుంటే ఊళ్లో సాయంత్రం పూట తగ్గే వోల్టేజికి బెదరదు. ఒక చిన్న 600 వీఏ యూపీఎస్ కూడా ఉంటే ఆట ఆపి, కంప్యూటర్ పద్ధతిగా ఆర్పేంత సమయం దొరుకుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దానికి యూపీఎస్ మోడ్ అనే మీట ఉందేమో చూసుకోవాలి. లేకపోతే కరెంటు మారే ఆ రెప్పపాటులో కంప్యూటర్ ఆరిపోవచ్చు.

ఎర్తింగ్ మరీ ముఖ్యం. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయని చాలామంది అంటుంటారు. భాగం పాడైందనుకుంటారు. కాదు. కరెంటు తీగల్లోంచి వచ్చే రొదను అణచడానికి ఎస్ఎంపీఎస్‌లో ఫేజుకూ న్యూట్రల్‌కూ చెరో చిన్న కెపాసిటర్ పెట్టి రెంటినీ డబ్బాకు కలుపుతారు. ఎర్త్ సరిగా ఉంటే ఆ కాస్త కరెంటూ భూమిలోకి పోతుంది. లేకపోతే డబ్బా మీద వంద వోల్టులకు పైనే నిలిచి, ముట్టుకున్నవాళ్ల వేలిని వెతుక్కుంటుంది. రాతి నేలలు, ఎర్ర చల్కలు, వేసవిలో ఎండిపోయే ఎర్త్ గుంతలు. ఉప్పూ బొగ్గూ వేసి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తుండదు. 'ముందుగాల గుంతల నీళ్లు పోద్దాం, తర్వాత నీ డబ్బ' అని తండ్రి బిందె పట్టుకుంటే పిల్ల విసుక్కుంటుంది. పోయనివ్వండి. తెలియనివాళ్లు మాత్రం ప్లగ్గు విప్పి చూడకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

బిగించే పనికి ఒక స్టార్ స్క్రూడ్రైవర్, బల్ల, ఒక మధ్యాహ్నం చాలు. ఎక్కడా బలం వాడే పని లేదు, ఒక్క ర్యామ్ దగ్గర తప్ప. 5600జీ అడుగున వందలకొద్దీ సన్నటి పిన్నులుంటాయి. మూలన బంగారు రంగు త్రికోణం గుర్తు బోర్డు మీది గుర్తుతో కలిపి వదిలితే తనంతట తనే కూర్చుంటుంది. కూర్చోకపోతే నొక్కకూడదు, తీసి చూడాలి. వంగిన పిన్ను సరిచేయాల్సి వస్తే ఇరవై ఏళ్లుగా సన్నటి రాగి తీగ చుట్టిన చేతులు ఇంట్లోనే ఉన్నాయనుకోండి. నాలుగు గాడులుంటే ర్యామ్ ముక్కలు రెండో దాంట్లో, నాలుగో దాంట్లో... 'టక్' మనే దాకా నొక్కాలి. వెనకవైపు రేకు పలకను బోర్డు కంటే ముందే పెట్టాలి. ఇది మరిచిపోయి అంతా విప్పినవాళ్లు లెక్కలేనంతమంది.

మీట నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, తెర మీద ఏమీ రాదు. మొదటిసారి బిగించిన చాలామందికి ఎదురయ్యే క్షణం ఇది. పదిహేడు క్వింటాళ్లూ కళ్ల ముందు కదులుతాయి. పిల్ల కళ్లలో నీళ్లు. ఇక్కడ తండ్రి అనే మాట మీదే ఆ సాయంత్రం నడుస్తుంది. 'నేను చెప్పలే?' అంటే అయిపోయింది. అదే, మోటార్ నడవకపోతే తాను చేసేదేదో అదే చేయమంటే... ముందు కరెంటు ఎక్కడి దాకా వచ్చిందో చూడు. ప్రాసెసర్‌కి వెళ్లే ఎనిమిది పిన్నుల తీగ పెట్టారా? అది ఉండేది పైన మూలన. ర్యామ్ రెండూ తీసి ఒక్కటే పెట్టి చూశారా? టీవీలో హెచ్‌డీఎంఐ ఒకటా, రెండా? పదింటిలో తొమ్మిదిసార్లు తేలేది ఈ మూడింటిలోనే.

నడిచాక మిగిలేది దుమ్ము, ఎండ. మే నెలలో నల్గొండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఫ్యాను ఎంత తిరిగినా ప్రాసెసర్‌ని గదిలో గాలి కంటే చల్లబరచలేదు. ముందు జాలీ ఉన్న క్యాబినెట్ కొని, గోడకు జానెడు దూరంగా, నేల మీద కాకుండా పెట్టుకోవాలి. మిర్యాలగూడ మిల్లుల పక్క ఇళ్లలో ఊక దుమ్ముకు జాలీ నెలకే మూసుకుపోతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి, గిర్రున తిరగనిస్తే బేరింగు పోతుంది. ఈ మాట వైండింగ్ దుకాణంలో ఎవరూ చెప్పక్కర్లేదు.

బోర్డు మధ్యలో పొడుగాటి గాడి ఒకటి ఖాళీగానే ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు కోసం. పిల్ల అప్పుడే దాని ధర చూడటం మొదలుపెట్టి ఉంటుంది. తండ్రి దగ్గర జవాబు సిద్ధం: 'ఎండకాలం రానీ బిడ్డా, మోటార్లెన్ని కాల్తయో సూద్దాం.'