కృష్ణపట్నం క్యూ చెప్పిన సంగతి

నెల్లూరు: ముత్తుకూరు మండలం కృష్ణపట్నం దారిలో 2021 మే 21న వాహనాలు బారులు తీరి నిలిచిపోయిన సంగతి జిల్లా ప్రజలు మరచి ఉండరు. ఆ ఊరి వాసి బొణిగె ఆనందయ్య ఉచితంగా ఇస్తున్న నాటు మందు కోసం మన జిల్లా నుంచే కాక ఇతర జిల్లాల నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి వేలాది జనం తరలివచ్చారు. ఊపిరి అందని రోగులను అంబులెన్సుల్లో తెచ్చినవారూ ఉన్నారు. జనాన్ని అదుపు చేయడం కష్టమై పంపిణీని ఆపవలసి వచ్చింది.

పల్లె జనానికి మూఢనమ్మకం వదలలేదని అప్పట్లో చాలామంది నవ్వారు. నవ్వినవారు ఒక విషయం గమనించలేదు. ఆ దారిలో కార్లు దిగినవారూ, చదువుకున్నవారూ తక్కువేమీ కాదు. జనం అక్కడికి ఎందుకు వెళ్లారన్న ప్రశ్నకు మూఢనమ్మకం అన్న ఒక్క మాట జవాబు కాజాలదు.

దాచుకున్న జ్వరాలు

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కరోనా కేసు బయటపడింది నెల్లూరులోనే. 2020 మార్చిలో ఇటలీ నుంచి వచ్చిన ఒక వ్యక్తికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. ఆ నెల 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. ఊళ్ల పొలిమేరల్లో కంపలు అడ్డం పడ్డాయి. కేసు వచ్చిన వీధికి కర్రలు కట్టారు, బ్లీచింగు చల్లారు. ఇంటిల్లిపాదినీ క్వారంటైన్‌కు తరలించారు. వ్యాధి పాకకుండా ఉండాలంటే కట్టడి అవసరమే. కాని ఆ కట్టడి ఊరి కంటికి శిక్షలాగా కనిపించింది. చుట్టం చూడరాలేదు, పక్కింటివారు పలకరించలేదు. జబ్బు కంటే, జబ్బు వచ్చిందని నలుగురికీ తెలియడమే పెద్ద భయమైంది.

ఫలితంగా పరీక్షకు వెళ్లకుండా, ఊరి ఆర్‌.ఎం.పి. ఇచ్చిన జ్వరం బిళ్లలతో సరిపెట్టుకున్నవారు ఎందరో. ఈ దాపరికానికి తర్వాత మూల్యం చెల్లించవలసి వచ్చింది. సుప్రీంకోర్టు 2021 జూన్ 30న ఇచ్చిన తీర్పు దరిమిలా కరోనా మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల సాయం మంజూరైంది. మరణం కరోనా వల్లనే అని చూపవలసి వచ్చినప్పుడు, పరీక్ష చేయించుకోని ఇళ్లలో చూపడానికి కాగితం లేకపోయింది.

ఎటు పోవాలో తెలియని రోజులు

2021 మే నెలలో రాష్ట్రంలో ఒక్కరోజులో నమోదైన కేసులు 20 వేలు దాటాయి. ఆస్పత్రుల్లో పడకలు దొరకలేదు. మే 10న పొరుగున తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ సరఫరాలో అంతరాయం వల్ల 11 మంది రోగులు మరణించినట్లు అధికారులు ప్రకటించారు. పెద్దాస్పత్రిలోనే గాలి అందకపోతే ఇక దిక్కెవరన్న భయం ఊరూరా పాకింది.

టీకా అప్పటికే వచ్చింది. 2021 జనవరి 16న వైద్య సిబ్బందితో మొదలై, మార్చి 1 నుంచి 60 ఏళ్లు పైబడినవారికి, ఏప్రిల్ 1 నుంచి 45 నిండినవారందరికీ వేస్తామన్నారు. డోసులే చాలలేదు. మే నెలలో రెండో డోసు కోసమే జనం తెల్లవారుజాము నుంచి నిలబడ్డారు. 18 నిండినవారు ముందుగా ఇంటర్నెట్‌లో పేరు నమోదు చేసుకోవాలన్నారు. టచ్ ఫోను లేని కూలి మనిషికి ఆ టీకా ఉన్నా లేనట్లే.

అటువంటి వేళ కృష్ణపట్నంలో ఒక మనిషి రూపాయి పుచ్చుకోకుండా మందు ఇస్తున్నాడని తెలిసింది. ఇచ్చేవాడు మనవాడు. తేనె, మిరియాలు, జాజికాయ వంటి ఇంట్లో ఎరిగిన దినుసులు. జనం అటు నడవడంలో వింత ఏముంది?

అయితే ఆ మందుపై తేలిందేమిటో కూడా చెప్పుకోవాలి. కేంద్ర ఆయుర్వేద పరిశోధన సంస్థ నివేదిక వచ్చిన తర్వాత మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలను మినహాయించి పంపిణీకి అనుమతి ఇచ్చింది. మందు వల్ల హాని లేదని, అయితే కరోనాను నయం చేస్తుందనడానికి ఆధారాలు లేవని చెప్పింది. డాక్టర్లు రాసిన మందులు మానవద్దని, రోగులు స్వయంగా క్యూలోకి రావద్దని హెచ్చరించింది. రోగులూ ఆరోగ్యవంతులూ ఒకేచోట తోసుకోవడం వల్ల వ్యాధి పాకే ప్రమాదం ఉందన్నది ఎవరూ కాదనలేని మాట. జనం ఆశను తప్పు పట్టనక్కర లేదు. కాని ఆశ రుజువు కాదు.

నెల తిరిగేసరికి

సరిగ్గా నెల తిరిగేసరికి, జూన్ 20న, రాష్ట్రంలో ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసుల టీకా వేశారు. 45 ఏళ్లు పైబడినవారితో పాటు అయిదేళ్లలోపు పిల్లల తల్లులకు కూడా వేశారు. ఈ జనం ఎక్కడి నుంచో దిగివచ్చినవారు కారు. టీకా వేయించుకుంటే జ్వరం వస్తుందని, కూలి పోతుందని, పిల్లలు పుట్టరని రచ్చబండల దగ్గర చెప్పుకున్న పల్లెల వారే.

మరి ఏం మారింది? మొదట డోసులు వచ్చాయి. రెండోది, టీకా మనిషిని రమ్మనకుండా తానే ఊళ్లోకి వచ్చింది. ఆశా కార్యకర్తలు, ఎ.ఎన్‌.ఎం.లు, సచివాలయ సిబ్బంది, అప్పటి వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి పిలిచారు. కాన్పుకు తోడు వెళ్లిన మనిషి, పసిబిడ్డకు చుక్కలు వేసిన మనిషి వచ్చి, జ్వరం వస్తే ఫలానా బిళ్ల వేసుకోమని చెబితే ఆ మాటకు ఉండే బరువు వేరు. నెల్లూరు నుంచి వచ్చే ప్రకటనకు ఆ బరువు రాదు.

కృష్ణపట్నానికైనా, టీకా కేంద్రానికైనా పల్లె జనం వెళ్లింది ఒకే లెక్క మీద. దగ్గరగా దొరకాలి, ఖర్చు కాకూడదు, ఇచ్చే చేయి తెలిసినదై ఉండాలి. ఈ మూడూ శాస్త్రం వైపు ఉంటే జనం శాస్త్రం వైపే ఉంటారు. లేకపోతే ఎవరు ఆదరిస్తే వారి వెంట పోతారు.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. దానితో మన పని ముగియలేదు. డెంగ్యూ జ్వరాలు ఏటా వస్తూనే ఉన్నాయి. ఊరి ఆరోగ్య ఉపకేంద్రం తలుపు రోజూ తెరుస్తున్నారా, అక్కడ మందులు ఉన్నాయా, ఆశా కార్యకర్తకు జీతం సకాలంలో అందుతున్నదా అని గ్రామసభల్లో అడగవలసింది ఇప్పుడే. మరో మహమ్మారి వచ్చిన తర్వాత నమ్మకాన్ని అప్పటికప్పుడు సంపాదించడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. అధికారులు, సర్పంచులు ఈ విషయం గుర్తించడం అవసరం.